పంతులుగారికి పాఠాలు – డర్బన్ నుండి టొరాంటో వరకు

ఈ ఉత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గంవారు కోరినప్పుడు, నేను బడిపంతుల్నే గాని చరిత్రకారుణ్ణి కానని మనవి చేసుకున్నాను. "అయితే బడిపంతుళ్ళ చరిత్రే వ్రాయండి" అన్నారు. నాది సాయంకాలపు బడిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా కుటుంబం దక్షిణాఫ్రికాలోని నటాల్ నుండి ఇక్కడికి వచ్చింది. చెరకు తోటల కూలికోసం మద్రాసు రేవులో బయలుదేరిన మొదటి ఓడ 'ట్రురో' 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగిపోయేనాటికి లక్షా యాభైరెండు వేలమంది అలా వచ్చారు. మా తాతగారు ఆఖరి సంవత్సరాల్లో తల్లిదండ్రుల వేలు పట్టుకుని దిగిన పసివాడు. ఆయన బడి మొహం చూడలేదు. ఆయన కొడుకు, అంటే మా నాన్నగారు, బడిపంతులయ్యారు. నేనూ అదే వృత్తి చేసి పదవీ విరమణ చేశాను. ఒక్క తరంలో కొడవలి పట్టిన చేతికి సుద్దముక్క ఎలా వచ్చింది అన్నదే ఈ వ్యాసానికి మొదలు.

నటాల్‌లో మనవాళ్ళ పిల్లలకు బడులు ప్రభుత్వం ఇచ్చినవాటికంటె మనవాళ్ళు కట్టుకున్నవే ఎక్కువ. ఊరివాళ్ళు చందాలు వేసుకుని గోడలు లేపితే, ప్రభుత్వం గ్రాంటు ఇచ్చి పంతుళ్ళకు జీతం చెల్లించేది. గోడలైతే లేచాయి గాని పంతుళ్ళెక్కడ? నాలుగు తరగతులు పైకి చదివినవాడే కింది తరగతికి పంతులు. 1925లో భారతీయ ఉపాధ్యాయులు తమకంటూ ఒక సంఘం ఏర్పరచుకున్నారు. 1927 కేప్‌టౌన్ ఒడంబడిక తరువాత భారత ప్రభుత్వ ఏజెంటుగా శ్రీనివాస శాస్త్రిగారు వచ్చారు. నటాల్‌లో భారతీయుల విద్యపై విచారణ జరిపించాలని ఆయన పట్టుబట్టారు. ఆ విచారణ సంఘానికి సలహా ఇవ్వడానికి 1928లో భారతదేశం నుండి ఇద్దరు నిపుణులు ఓడ దిగారు. ఒకరు సంయుక్త రాష్ట్రాల విద్యాశాఖకు చెందిన కైలాస్ కిచ్లూగారు. రెండవవారు మిస్ గోర్డన్, మద్రాసు సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో కిండర్‌గార్టెన్ పద్ధతులు బోధించే ఆచార్యురాలు.

ఈ రెండవ పేరు దగ్గర కాసేపు ఆగాలని నాకనిపిస్తుంది. సైదాపేట కళాశాల 1856లో నార్మల్ స్కూలుగా మొదలైంది. అంటే ట్రురో ఓడకు నాలుగేళ్ళ ముందే మద్రాసులో పంతుళ్ళకు పాఠాలు చెప్పే బడి ఉన్నది. ఆనాటి మద్రాసు రాజధానిలో మన తెలుగు జిల్లాలు కూడా చేరి ఉన్నాయి గనుక మన ప్రాంతంవాళ్ళు ఎందరో అక్కడ శిక్షణ పొందారు. 1894లో రాజమహేంద్రవరానికి కూడా ఒక శిక్షణ కళాశాల వచ్చింది. ఒక ఊరి రేవు నుండి కూలీలు వెళ్ళిన అరవై ఎనిమిదేళ్ళకు అదే ఊరి నుండి పసిపిల్లల చదువు తెలిసిన పంతులమ్మ వెళ్ళింది. పిల్లవాడు ఆటలో నేర్చుకుంటాడు, చేతితో తాకి నేర్చుకుంటాడు అని జర్మనీలో ఫ్రోబెల్ చెప్పిన మాట సైదాపేట మీదుగా మా చెరకు తోటల దాకా ఆనాడే ప్రయాణం చేసిందన్నమాట.

1929 అక్టోబరులో డర్బన్‌లో శాస్త్రి కళాశాల తెరిచారు. అది ఉన్నత పాఠశాల, దానితోపాటే ఉపాధ్యాయ శిక్షణ. శాస్త్రిగారి తరువాత ఏజెంటుగా వచ్చినవారు మన తెలుగువారే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. ఆయన అక్కడ ఉన్న రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. 1951లో స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణ కళాశాల వచ్చింది. అందులోని తొలినాళ్ళ విద్యార్థుల్లో మా నాన్నగారు ఒకరు. అప్పటికి వర్ణవివక్ష చట్టాలు వచ్చేశాయి. భారతీయులకు వేరే కళాశాల, వేరే బడి, వేరే జీతం. అయినా మా బంధువుల్లో తెలివైనవాడనిపించుకున్న ప్రతివాడూ పంతులే కావాలనుకున్నాడు. వేరే తలుపులు ఎన్ని మూసి ఉన్నా ఆ ఒక్కటి తెరిచి ఉండేది. 1980ల మొదట్లో నేనూ ఆ మెట్లే ఎక్కాను.

నాన్నగారు అక్కడ ఏం నేర్చుకున్నారో నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆయన దాన్ని ఇంట్లో కూడా వదిలేవారు కాదు. పాఠ్యప్రణాళిక ముందురోజే వ్రాయాలి. నల్లబల్ల మీద గీత వంకర పోకూడదు. ఇంగ్లీషు ఉచ్చారణ తప్పకూడదు. ఆయన బడిలో గదులు చాలక ఉదయం ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు పిల్లలు వచ్చేవారు. రెండు జట్లకూ ఆయన చెప్పింది ఇంగ్లీషులోనే. సాయంకాలం నన్ను తెలుగు బడికి తీసుకువెళ్ళేవారు. అది రేకుల షెడ్డు. అక్కడి పంతులుగారు పగలు చక్కెర మిల్లులో పనిచేసి, స్నానం చేసి, పెద్దబాలశిక్ష చంకన పెట్టుకుని వచ్చేవారు. ఆయన దగ్గర భాష ఉన్నది, ప్రేమ ఉన్నది, బెత్తం కూడా ఉన్నది. శిక్షణ లేదు. నాన్నగారి దగ్గర శిక్షణ ఉన్నది, ఆయన బోధించే చోట తెలుగుకు చోటు లేదు. ప్రభుత్వ పాఠశాలల పనివేళల్లో భారతీయ భాషలు ప్రవేశించింది 1980ల్లోనే. అప్పటికి మా వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు లేరు. పగటి బడీ రాత్రి బడీ ఎప్పుడూ కలుసుకోలేదు. మన భాష పోయింది ఆ మధ్య సందులోనే అని నా అభిప్రాయం.

1988లో మేము కెనడా వచ్చాము. నా పాత పట్టా ఇక్కడ చాలదన్నారు గనుక మళ్ళీ బి.ఎడ్. తరగతిలో, నాకంటె చిన్నవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఆ సిగ్గు కొన్నాళ్ళే. తరువాత ఈ దేశంలో పంతుళ్ళను ఎలా తయారుచేశారో తెలుసుకోవాలన్న ఆసక్తి పుట్టింది.

టొరాంటో నడిబొడ్డున మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక పాత రాతి ముఖద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. వెనుక భవనం లేదు, 1963లో పడగొట్టారు. అదే టొరాంటో నార్మల్ స్కూలు. 1847 నవంబరులో ఎగర్టన్ రైయర్సన్ దాన్ని ప్రారంభించాడు, 1852లో ఈ స్థలానికి మారింది. ఒంటారియో పల్లెటూళ్ళ పంతుళ్ళకు పద్ధతి నేర్పిన తల్లిబడి అది. ఐతే అదే 1847లో అదే రైయర్సన్, ఆదివాసీ పిల్లలను ఇంటినుండి దూరంగా ఉంచి చదువు, పని నేర్పే బోర్డింగు పాఠశాలలు కావాలని ప్రభుత్వానికి ఒక నివేదిక వ్రాసి ఇచ్చాడు. ఆ తరువాత దేశమంతా వెలసిన అటువంటి పాఠశాలల్లో పిల్లలు తమ భాష మాట్లాడితే దండించారు. 2021 జూన్‌లో అక్కడి రైయర్సన్ విగ్రహాన్ని జనం పడగొట్టారు, 2022లో విశ్వవిద్యాలయం పేరు మార్చారు. నేను ఆ ద్వారం కింద నిలబడినప్పుడల్లా ఇటు చూడాలో అటు చూడాలో తెలియదు. పంతులును తయారుచేసిన చేయీ, పిల్లవాడి నాలుక కట్టేసిన చేయీ ఒకటే కావడం మనబోటి వాళ్ళకు కొత్త సంగతి కాదు.

పసిపిల్లల చదువు సంగతికి వస్తే, 1883లో టొరాంటోలో ఎడా మరీన్ అనే ఉపాధ్యాయిని ప్రభుత్వ పాఠశాలలో మొదటి కిండర్‌గార్టెన్ నడిపింది. 1887లో ఒంటారియో ప్రభుత్వం దాన్ని అధికారికంగా గుర్తించింది. 1925లో విలియం బ్లాట్జ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి నాయకత్వంలో టొరాంటో విశ్వవిద్యాలయంలో శిశు అధ్యయన కేంద్రం మొదలైంది. అక్కడ పిల్లలకు చెప్పడం కంటె పిల్లలను చూడడం ముఖ్యం. యుద్ధకాలంలో తల్లులు కర్మాగారాలకు వెళ్ళవలసివచ్చి, 1942లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి శిశుసంరక్షణ కేంద్రాలు తెరిచాయి. యుద్ధం అయిపోయాక మూసేస్తామంటే ఒంటారియో తల్లులు ఊరుకోలేదు. 1946లో వాటికొక చట్టం వచ్చింది. 1960ల నడుమ సామాజిక కళాశాలలు వచ్చాక ఈ శిక్షణ రెండేళ్ళ డిప్లొమాగా స్థిరపడింది.

ఆ డిప్లొమాలో ఏం చదువుతారో నాకు తెలిసింది ఆలస్యంగా, మా తమ్ముడి కూతురు చేరినప్పుడు. పుట్టుక నుండి పన్నెండేళ్ళదాకా పిల్లల ఎదుగుదల, ఆట, ఆరోగ్యం, పోషణ, కుటుంబాలతో మెలగడం, అన్నిటికీ మించి పరిశీలన. ప్రతి టర్మ్‌లోనూ ఏదో ఒక కేంద్రంలో పిల్లల మధ్య పనిచేసి రావాలి. మా రోజుల్లో దాన్ని తక్కువ చదువుగా చూశారని ఒప్పుకోవాలి. ఆయాల చదువు అనేవాళ్ళం, నేనూ అన్నాను. 2007లో ఒంటారియోలో ఈ వృత్తికి చట్టం వచ్చింది. 2010 నుండి పూర్తిరోజు కిండర్‌గార్టెన్ తరగతిలో బి.ఎడ్. చదివిన టీచరూ ఈ డిప్లొమా చదివిన శిశువిద్యావేత్తా పక్కపక్కన పనిచేస్తున్నారు. ఇద్దరి జీతాల మధ్య తేడా మాత్రం ఇంకా పెద్దదే. 2015 నుండి బి.ఎడ్. కూడా రెండింతలై నాలుగు టర్ములయింది, కనీసం ఎనభై రోజులు బడిలో గడపాలి. 2016 కిండర్‌గార్టెన్ ప్రణాళిక, పిల్లవాడు ఇంటిభాషలో ఆలోచించడానికీ మాట్లాడడానికీ చోటివ్వమంటుంది. మా నాన్నగారికి ఎవరూ చెప్పని మాట ఇది.

ఇక మన తెలుగు తరగతి. 1977లో ఒంటారియో ప్రభుత్వం వారసత్వ భాషల కార్యక్రమం మొదలుపెట్టింది. ఇరవై ఐదుమంది పిల్లల తల్లిదండ్రులు అడిగితే బోర్డు తరగతి పెట్టితీరాలని 1989లో నియమమైంది. ఈ తరగతుల్లో చెప్పేవాళ్ళకు ఉపాధ్యాయ ధ్రువపత్రం అవసరం లేదు. అంటే మళ్ళీ ఆ మిల్లు పంతులుగారే. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ మెక్లారిన్ కాకినాడ చేరింది 1874లో, అప్పటికి కెనడా దేశానికే ఏడేళ్ళ వయస్సు. ఆ మిషన్‌వాళ్ళు మునుషీ దగ్గర తెలుగు నేర్చుకుని, ఆ తరువాతే మన పిల్లలకు బడులు నడిపారు. కెనడావాళ్ళు తెలుగు బోధించడానికి అంత తయారయ్యారు. మనం కెనడాలో తెలుగు బోధించడానికి ఒక ఖాళీ సాయంకాలం ఉంటే చాలనుకున్నాం.

నేను తరగతి తీసుకున్నప్పుడు నాకేమి, ముప్ఫై ఏళ్ళ అనుభవం అనుకున్నాను. ఓనమాలు, గుణింతాలు, దిద్దుడు పుస్తకం. అయిదేళ్ళ పిల్లవాడొకడు ఆరు వారాలు నోరు విప్పలేదు. వీడికి తెలుగు రాదని తల్లికి చెప్పేశాను. ఆ వారమే మా తమ్ముడి కూతురు తన కళాశాల పనికోసం తల్లిదండ్రుల అనుమతితో తరగతి మూలన కూర్చుని, ఆ పిల్లవాణ్ణి నలభై నిమిషాలు చూసి వ్రాసుకున్నది. తరువాత ఆ కాగితం నాకు చూపించింది. ఆరూ నలభైకి పక్కపిల్ల రబ్బరు పడిపోయింది. పిల్లవాడు చూపించి "కింద ఉంది" అన్నాడు. ఆరూ యాభైకి కిటికీలో మంచు చూసి "నానమ్మకు చలి" అని తనలో తాను అనుకున్నాడు. పంతులుగారు బోర్డు వైపు తిరిగి ఉన్నారు.

ఆ ఆఖరి వాక్యం చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి తెలుగు వచ్చు. నాకే వినడం రాలేదు. మర్నాడు తల్లికి ఫోను చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను.

అక్షరాలు దిద్దించడం మానేయమని నేననను. ఈ కొత్త శిక్షణలో ఫారాలు నింపడం ఎక్కువనే గొణుగుడు నాకింకా ఉన్నది. కాని మన కుటుంబాలు వెళ్ళిన దేశాల్లో మారిషస్‌ను చూడండి. అక్కడ మహాత్మాగాంధీ సంస్థ 1970లో, విద్యాశిక్షణ సంస్థ 1973లో ఏర్పడ్డాయి. తెలుగు పంతులుకు అక్కడ శిక్షణ ఉంటుంది, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో జీతం ఉంటుంది. పగటి బడిలోనే తెలుగు ఉంటుంది. నటాల్‌లో మేము పోగొట్టుకున్నది వాళ్ళు నిలుపుకోవడంలో ఆ శిక్షణ వంతు చిన్నది కాదని నా లెక్క.

ఇప్పుడు మా బుధవారం తరగతిలో మొదటి ఇరవై నిమిషాలు పుస్తకం తెరవము. ఒక బల్ల మీద గిన్నెలు, గరిటెలు, కందిపప్పు, పెసరపప్పు పోసి ఉంచుతాము. ఆ పిల్లవాడి నానమ్మ వచ్చి కూర్చుంటుంది. మా తమ్ముడి కూతురు డిప్లొమా ముగించి ఒక కిండర్‌గార్టెన్‌లో చేరింది, నెలకొకసారి వచ్చి మిగతా స్వచ్ఛంద ఉపాధ్యాయులకు పరిశీలన ఎలా వ్రాయాలో చెబుతుంది. నేను వెనుక బల్ల దగ్గర నోటుపుస్తకంతో కూర్చుంటాను. పోయిన వారం ఆ పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "తాతా, నువ్వు ఏం రాస్తున్నావు?" అని అడిగాడు.