పక్షిగూడును ప్రేమపత్రికయు



ఫిబ్రవరి 14వ తేది సమీపించగానే పట్టణములలోని అంగళ్లలో ఎఱ్ఱని హృదయపు బొమ్మలుగల కార్డులు వ్రేలాడుచుండును. వానిని చూచి, ఇది నేటి పడుచువారి వేడుకయని పెద్దలు పెదవి విరుతురు. అయితే ఈ అలవాటు చాల పాతది. దాని ఆరంభమున అంగడి లేదు. పక్షులును, ఒక కలమును, కొంచెము కాగితమును మాత్రమే యుండెను.

వాలెంటైన్ మూడవ శతాబ్దములో రోమాపురియొద్ద హతసాక్షియైన భక్తుడు. ఆయన చెరసాలనుండి ప్రేమలేఖ వ్రాసెనను కథ చాల కాలము తరువాత పుట్టినది. ఆయన దినమును ప్రేమతో ముడివేసినవారిలో ముఖ్యుడు ఆంగ్లకవి ఛాసర్. 1380 తరువాత కొద్ది యేండ్లలో అతడు పక్షుల సభను గూర్చి ఒక కావ్యము వ్రాసెను. వాలెంటైన్ దినమున పక్షులన్నియు ప్రకృతిమాత యెదుట కూడి తమ జతను ఏర్పరచుకొనును. ఒక ఆడ గ్రద్ద కొరకు మూడు మగ గ్రద్దలు పోటీపడును. అది ఎవరికిని తలయొగ్గక, ఆలోచించుకొనుటకు ఒక సంవత్సరము గడువు అడుగును. ప్రకృతిమాత గడువిచ్చును. ఎవరును దానిని బలవంతపెట్టరు.

మన కాలమువరకు నిలిచిన వాలెంటైన్ లేఖలలో ఇంగ్లీషున వ్రాయబడిన మిక్కిలి పాతది 1477 ఫిబ్రవరిలో మార్జరీ బ్రూస్ అను కన్య జాన్ పాస్టన్ అను యువకునికి పంపినది. దానిలోని బాధ మనకును తెలిసినదే. అది కట్నపు బాధ. తల్లి ఎంత బ్రతిమాలినను తండ్రి కట్నము పెంచుటకు ఒప్పుకొనలేదు. నీవు నన్ను నిజముగా ప్రేమించినయెడల ఆ కారణమున నన్ను విడువవని ఆమె వేడుకొనెను. ఆ సంవత్సరమే వారికి వివాహము జరిగెను.

బహుకాలము ఇట్టి పత్రికలను ఎవరికి వారే చేసికొనిరి. కాగితము మడచి, కత్తెరతో పూవులు, జంటపక్షులు కత్తిరించి, రంగులు వేయుచుండిరి. 1840లో ఇంగ్లాండులో ఒక పెన్నీకే ఉత్తరము పంపు ఏర్పాటు రాగా పత్రికలు వేలకొలది పెరిగెను. అమెరికాలోని వూస్టరు పట్టణమున ఎస్తేర్ హౌలాండ్ అను స్త్రీ, 1847లో చదువు ముగించిన పిమ్మట, తన ఇంటనే పత్రికలు చేయ మొదలుపెట్టెను. పని హెచ్చగా స్నేహితురాండ్రను బల్లచుట్టు కూర్చుండబెట్టి ఒకరికి కత్తిరించుట, ఒకరికి అంటించుట అని పంచిపెట్టెను. 1881 ప్రాంతమున ఆ వ్యాపారమును మరియొకరికి అమ్మెను. ఇంటిలో చేసికొనిన పత్రిక ఈ విధముగా కొని తెచ్చు సరకాయెను.

సరకైన వెంటనే సింగారము పెరిగెను. కొన్నిటిమీద నిజమైన పక్షి ఈకలు అంటించిరి. స్త్రీల టోపీల కొరకైతే లెక్కలేని పక్షులు చంపబడెను. దీనిని ఎదిరించి 1889లో ఇంగ్లాండు స్త్రీలు పక్షిరక్షణ సంఘమును స్థాపించిరి. ఒక ప్రాణిని చంపి, దాని ఈకతో మరియొకరికి ప్రేమ తెలుపుట ఎంత విపరీతము!

ఆ కాలముననే మరియొక మార్గము తెరువబడెను. రిచర్డు, ఛెర్రీ కీర్టన్ అను అన్నదమ్ములు యార్కుషైరులో గొఱ్ఱెలు పెంచు రైతు కుమారులు. రిచర్డు చిన్ననాడు పక్షిగూళ్ల కొరకు పోయి పడి, తుంటి దెబ్బతిని జీవితాంతము కుంటుచుండెను. 1892 ఏప్రిల్‌లో ఛెర్రీ గుడ్లుగల ఒక పిట్టగూటిని ఛాయాచిత్రము తీసెను. 1895లో అట్టి చిత్రములతో వారి పుస్తకము వెలువడెను. పక్షులు బెదరకుండునట్లు వారు ఎద్దు చర్మముతో డొల్ల బొమ్మ చేయించి, ఒకరు దానిలో దాగి, చిన్న రంధ్రమునుండి చూచుచు గంటలకొలది నిలిచిరి. చిన్ననాడు గూటిమీద చేయి వేయబోయినవాడు పెద్దవాడై చేయి ముడుచుకొని చూచుట నేర్చుకొనెను.

సోదరులారా, మీ భార్యకో, తల్లికో, స్నేహితునికో పత్రిక పంపగోరినయెడల మీరే ఒకటి చేయుడి. మందమైన కాగితమును మధ్యకు మడువుడి. పైమడతలో రూపాయి బిళ్లంత గుండ్రని కంత కోయుడి. లోపల మీరు తీసిన పిట్ట చిత్రమును, లేక చూచి గీసిన బొమ్మను, ఆ కంతగుండ కనబడునట్లు అంటించుడి. అంచున ఎండుటాకు అంటింపవచ్చును. క్రింద మీ చేతివ్రాతతో ఒక్క మాట చాలును. గుడ్లున్న గూటి చెంతకు మాత్రము పోకుడి. తల్లిపిట్ట బెదరి గూడు విడువవచ్చును.

ఏమి గీయవలెనని అడుగుదురా? వానకాలమున మన తాటిచెట్లకు, ఈతచెట్లకు వ్రేలాడు గిజిగాని గూళ్లను చూచియున్నారు గదా. మగపిట్ట గూటిని సగము అల్లి ఆగును. ఆడపిట్ట వచ్చి పరీక్షించును. దానికి నచ్చినయెడల మిగత సగము అల్లబడును. నచ్చనియెడల మగపిట్ట వేరొక గూడు మొదలుపెట్టును. ఆడ గ్రద్ద అడిగిన గడువును, మార్జరీ వేడుకొనిన వేడుకోలును, ఈ సగము గూడును చెప్పునది ఒక్కటే. ప్రేమ పట్టి లాగదు, వెల అడుగదు. తన చేతిపనిని ఎదుట పెట్టి, ఓపికతో కనిపెట్టును.