మూత్రపిండములు లేని నీటిప్రాణులు

సైనిక్‌పురి చెంతనున్న కాప్రా చెరువువంటి మంచినీటి తటాకములు కంటికి కానరాని జీవకోటికి నెలవులు. ఒకే కణముగల పరమీసియము, నీటిమొక్కల నంటి వ్రేలాడు హైడ్రా మొదలగువానికి మూత్రపిండములు లేవు. అయినను, తిన్న మాంసకృత్తులు దేహమున వ్యయమైనపుడు నత్రజనితో గూడిన మలినము వానిలోను బుట్టును. అందు ముఖ్యమైనది అమోనియా. అది లోపల నిలిచెనా, విషమే. ఈ అల్పప్రాణులు దాని నెట్లు వదలించుకొనుచున్నవి? ఈ ప్రశ్న తేలుటకు నూటయేబది యేండ్లకు పైగా బట్టినది.

హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ 1674లో సరస్సునీటిలోని సూక్ష్మజీవులను జూచెను. 1744లో ట్రెంబ్లే హైడ్రానుగూర్చి గ్రంథము వెలువరించెను. అప్పటికి వాని ఆకారమేగాని లోపలి వ్యాపారము తెలియదు. 1773లో రూయెల్ మూత్రమునుండి యూరియాను, 1776లో షీలే మూత్రాశయపు రాళ్లనుండి యూరికామ్లమును వేఱుపఱచిన పిదపనే మలినములకు పేరును రూపును ఏర్పడినవి.

ఆ 1776లోనే ఇటలీ పండితుడు స్పల్లంజాని సూక్ష్మజీవులలో మాటిమాటికి ఉబ్బుచు ముడుచుకొనుచుండు చిన్న సంచిని వర్ణించి, అది శ్వాసావయవమని తలచెను. పిమ్మట పలువురు దానినే మూత్రపిండమునకు బదులుగా భావించిరి. సంచి ముడుచుకొనినపుడు ద్రవము వెలికి పోవుట కంటి కగపడుచుండగా, అట్లు తలచుట సహజమే. కాని ఉప్పునీటి ఏకకణజీవులలో పెక్కింటికి ఆ సంచి లేదు. మలినము వానికిని గలదు గదా! 1930 దశకమున కిచింగ్ మొదలగువారి ప్రయోగములు చిక్కు విప్పినవి. చుట్టునున్న నీటి గాఢత మాఱినకొలది సంచి వేగమును మాఱినది. మంచినీరు నిరంతరము దేహములోనికి జొరబడుచుండగా, ఆ అధికజలమును తోడిపోయుటయే దాని ముఖ్యకార్యము. అది ఏతమువంటిదిగాని తూమువంటిది కాదు.

మఱి అమోనియా మాటయేమి? అది నీటిలో సులభముగ కరగును. పలుచని దేహపుపొరగుండ తనంతట తానే వెలుపలికి వ్యాపించును. చుట్టును నీరే గనుక వేఱొక యవయవముతో పనిలేదు. జలచరములగు అకశేరుకములు నత్రజనిని ప్రధానముగా అమోనియారూపముననే విడుచునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దెలోనే 1931లో సమీక్షించి చూపెను.

ఈ సౌకర్యమునకు వెల నీరే. ఒక గ్రాము నత్రజనిని అమోనియాగా పంపుటకు సుమారు అరలీటరు నీరు కావలెను. యూరియాగా అయినచో అందులో పదవవంతు చాలును. యూరికామ్లముగా అయినచో ఇంకను తక్కువ. మన చెరువులలోని నత్తగుల్ల దీనికి చక్కని యుదాహరణము. నీటిలో తిరుగునపుడు అమోనియాను విడుచును. ఎండలకు చెరువు ఎండినపుడు బురదలో మూతి బిగించుకొని నిద్రించుచు యూరికామ్లమును లోపల కూడబెట్టుకొనును. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున 1960 దశకమున ఈ నిద్రపై పరిశోధనలు జరిగినవి.

ప్రాణి విడిచిన అమోనియాను పిమ్మట చెరువే జీర్ణించుకొనవలెను. నత్రజని మార్పు సూక్ష్మజీవుల పనియని 1877లో ష్లోజింగ్, మ్యూంట్స్ నిరూపించిరి. ఆ సూక్ష్మజీవులను వినోగ్రాడ్‌స్కీ 1890లో వేఱుపఱచెను. అవి అమోనియాను నైట్రైటుగను, నైట్రేటుగను మార్చును. నైట్రేటు మొక్కలకు ఆహారమగును. కాని ఆ పనికి ప్రాణవాయువు కావలెను. మురుగునీరు మితిమీఱి చేరిన చెరువులో ప్రాణవాయువు కఱవై, అమోనియా పేరుకొనును. అప్పుడు వెలుపలనే విషము నిండియుండగా లోపలి విషము పోవుటకు త్రోవ యేది? భీమవరము ప్రాంతపు రొయ్యలచెరువులలో అమోనియాను పరీక్షించుచు, యంత్రములతో నీటిని చిలుకుటకు గల కారణములలో ఇదియు నొకటి.

మూత్రపిండములు లేని ప్రాణికి చెరువే మూత్రపిండము. ఆ చెరువును మనము మురుగుగుంటగా జేసినచో, అం దుండు జీవకోటికి మఱియొక యవయవము లేదు.