మోచేతికి రెండు కోతలు

బరువెత్తుచుండగా మోచేతివద్ద టప్పున శబ్దమగును. దండచేతి కండ పైకి ముడుచుకొనిపోవును. రత్ని అను ఎముకనుండి ద్విశిరస్క కండరపు స్నాయుబంధనము ఊడినదన్నమాట. చేయి ముడుచుటకు దాని అడుగున వేరొక కండరము కలదు. కుడిచేతితో మరమేకు బిగించు బలమే ఎక్కువగా తగ్గును.

ఊడిన కొనను మరల రత్నికి కుట్టబోయిన, లోతున నాడి దెబ్బతినునని భయము. అందుచే 1941లో డాబీ అను శస్త్రవైద్యుడు, 51 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి, అడుగు కండరమునకే కుట్టుట మేలనెను. నాడి దక్కెను, త్రిప్పు బలము దక్కలేదు.

1961లో బాయిడ్, ఆండర్సన్ అనువారు ముందొక కోత, వెనుకొక కోత పెట్టి, బంధనమును రెండెముకల నడుమగా వెనుకకు లాగి రత్నికే బిగించిరి. ఉపాయము చక్కనిదే. కాని కొందరిలో ఆ రెండెముకల నడుమ ఎముక వంతెన పెరిగి, చేయి తిరుగుటయే మానెను! రెండవ ఎముకయైన అరత్నిని తాకక, కండరమును చీల్చి లోనికిపోవు మార్గము అటుపిమ్మట వచ్చినది.

బంధనము ఎముకకు అతుకుటకు వారములు పట్టును. బరువులెత్తుటకు నెలలు ఆగవలెను.