తీగను తాకితే ఆగే రొద

ఎలక్ట్రిక్ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించి వాల్యూమ్ పెంచగానే, ఎవరూ తీగ మీటకముందే స్పీకరులోంచి వినవచ్చే రొద ఆ వాద్యంతోపాటే పుట్టింది. దానిని విన్నవారు సాధారణంగా “గ్రౌండింగ్ సరిగా లేదు” అని తేల్చేస్తారు గానీ, ఆ ఒక్క మాట చాటున ఒకదానితో ఒకటి పొత్తు లేని రెండు మూడు జబ్బులు దాగి ఉన్నాయి. వాటిలో మొదటిదానికి గిటారులో సరైన మందు కుదరడానికే పాతికేళ్లకు దగ్గరగా పట్టింది.

1931లో లాస్ ఏంజిలిస్‌లో జార్జ్ బీచమ్ రూపొందించగా, మరుసటి ఏడాది అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి అమ్మకానికి తెచ్చిన గిటారును, దాని గుండ్రని చిన్న ఒడలినీ పొడవాటి మెడనూ చూసి జనం వేపుడు పెనం అని పిలిచారు. దాని తీగలను చుట్టి ఉన్న గుర్రపునాడా అయస్కాంతాలూ, వాటి నడుమ సన్నని రాగి తీగచుట్టా కలిస్తే ‘పికప్’ అవుతుంది. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి, ఆ కదలిక తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. అయితే తీగచుట్టకు తనవారు, పరవారు అన్న తేడా తెలియదు. ట్రాన్స్‌ఫార్మరు, మోటారు, ట్యూబ్ లైటు చోక్ వెదజల్లే అయస్కాంత క్షేత్రం కూడా అమెరికాలో సెకనుకు 60 సార్లు, భారతదేశంలో 50 సార్లు ఊగుతూ అదే తీగచుట్టలో చొరబడుతుంది. ఆంప్లిఫయరు లోపల ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చేచోట వడకట్టడం చాలకపోతే, మన దేశంలో 100 హెర్ట్జ్‌ల రొద దీనికి తోడవుతుంది. గిటారు ఆరో తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే పలికే స్వరం 98 హెర్ట్జ్‌లు కనుక, ఈ రొద శ్రుతి కాస్త తప్పిన స్వరంలా వినిపించి చెవిని మరింత బాధిస్తుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీత వేదిక ఎక్కించిన ఎలక్ట్రిక్ మాండలిన్ వంటి వాద్యానికీ ఈ బెడద ఉంటుంది. తంబురా శ్రుతిని కళాకారుడు సరిచేసుకోగలడు గానీ కరెంటు శ్రుతి ఎవరి చేతిలోనూ ఉండదు.

ఈ మొదటి జబ్బుకు మందు మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో, గిబ్సన్ సంస్థ ఇంజినీరు సేత్ లవర్ చేతిలో సిద్ధమైంది. పక్కపక్కనే రెండు తీగచుట్టలను అమర్చి, ఒకదానికి మరొకటి విద్యుత్తు దిశలోనూ అయస్కాంత ధ్రువంలోనూ ఎదురుగా ఉండేటట్లు చేస్తే, బయటి నుంచి వచ్చే రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది. తీగ కంపనం మాత్రం రెండుసార్లు తలకిందులై తిరిగి ఒకే దిశకు చేరుతుంది కనుక రెట్టింపవుతుంది. రొదను ఎదిరించేది అనే అర్థంలో దీనికి ‘హంబకర్’ అన్న పేరు వచ్చింది. లవర్ 1955 జూన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1957 నాటికి ఆ పికప్ లెస్ పాల్ గిటార్లలోకి ఎక్కింది. పేటెంటు మాత్రం 1959 జులైలో గానీ చేతికి రాలేదు. సూత్రం అంతకుముందే తెలిసినదే. దాదాపు అదే కాలంలో రే బట్స్ గ్రెట్ష్ గిటార్ల కోసం ఇటువంటిదే మరొకటి తయారుచేశాడు. తరువాతి గిబ్సన్ పికప్‌ల అడుగున అంటించిన కాగితంపై ముద్రించిన పేటెంటు సంఖ్య హంబకర్‌ది కాక, లెస్ పాల్ పేరిట ఉన్న తీగల బిగింపు భాగానిది కావడం పేటెంట్ల చరిత్రలో ఒక చిత్రం.

హంబకర్ వచ్చాక కూడా, 1954లో లియో ఫెండర్ విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్ వంటి ఒంటి తీగచుట్ట గిటార్లు నేటికీ చెలామణిలో ఉన్నాయి. రెండు చుట్టలు కలిసినప్పుడు పై స్థాయి స్వరాల మెరుపు కొంత తగ్గుతుంది. ఆ మెరుపు కోసం వాదకులు రొదను భరించడానికి సిద్ధపడ్డారు.

రెండో జబ్బు అయస్కాంతానిది కాదు, విద్యుత్ క్షేత్రానిది. గోడలోని కరెంటు తీగల నుంచి మనిషి దేహం యాంటెన్నాలా కొద్దిపాటి వోల్టేజిని గ్రహించి గిటారు లోపలి తీగలకు అందిస్తుంది; అదే బుర్రుమనే గరుకు రొద. ఇక్కడ హంబకర్ ఒక్కటే చాలదు. పికప్ గూటి లోపల రాగి రేకు అతికించి దానిని గ్రౌండుకు కలపడం ఒక ఉపాయం. తీగలు ఆనుకునే లోహపు బ్రిడ్జి నుంచి కేబులు గుచ్చే జాక్ దాకా ఒక సన్నని తీగ వేసి, వాదకుడి చేతినే గ్రౌండుకు కలిపి, దేహాన్ని యాంటెన్నా నుంచి తెరగా మార్చడం మరొకటి. స్ట్రాటోకాస్టర్‌లో ఈ తీగను వెనుక గూటిలో స్ప్రింగులు తగిలించే లోహపు కొక్కేనికి సోల్డరింగ్ చేస్తారు.

కనుక తీగను తాకగానే రొద తగ్గడాన్ని గ్రౌండింగ్ చెడిందనడానికి రుజువుగా చూపడం పొరపాటే. అది బ్రిడ్జి తీగ బాగానే ఉందనడానికి సాక్ష్యం, లోపల రేకు కవచం చాలడం లేదనడానికి సూచన. బ్రిడ్జి తీగ తెగిందనడానికి గుర్తు వేరు: తీగలను తాకినా రొద మారదు, కేబులు ప్లగ్గు లోహాన్ని తాకితే మాత్రం తగ్గుతుంది. అప్పుడు మల్టీమీటరును బ్రిడ్జికీ జాక్ బయటి అంచుకూ మధ్య పెట్టి చూస్తే, సున్నాకు దగ్గరగా ఉండవలసిన నిరోధం అనంతంగా కనిపిస్తుంది. తాకినప్పుడు రొద పెరిగితే జాక్ దగ్గర రెండు తీగలూ తారుమారయ్యాయేమో చూడాలి. గిటారు వాల్యూమ్ సున్నాకు తెచ్చినా రొద అలాగే ఉంటే, తప్పు చాలావరకు కేబులులోనో ఆంప్లిఫయరులోనో ఉంటుంది.

రొదను ఆపే ఈ బ్రిడ్జి తీగే ప్రమాదానికి దారి కాగలదు. రెండు పుల్లల ప్లగ్గు గల పాత అమెరికన్ ఆంప్లిఫయర్లలో మెయిన్స్‌కూ లోహపు పెట్టెకూ మధ్య ఒక కెపాసిటరు ఉండేది. అది చెడితే పెట్టెకూ, దానితోపాటు గిటారు తీగలకూ కరెంటు పాకేది. 1965 డిసెంబరులో శాక్రమెంటో వేదికపై గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటారు మైకు స్టాండును తాకగా అతడు షాక్‌కు గురై స్పృహ తప్పి పడిపోయాడు. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్‌సీలో, స్టోన్ ద క్రోస్ బృందానికి చెందిన లెస్ హార్వే ఎర్తింగ్ లేని మైకును తాకి మరణించాడు.

అయినా రెండు పరికరాలను వేర్వేరు సాకెట్లకు తగిలించినప్పుడు గ్రౌండ్ తీగల మధ్య ఏర్పడే వలయం రొద పెడుతోందని, ప్లగ్గు మూడో పుల్లను విరిచి వాడేవారు ఉన్నారు. ఇంతకంటే మూర్ఖమైన చిట్కా లేదు. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే ఆ వలయం చాలావరకు చిన్నదైపోతుంది. సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా మూడోదాని వెనుక ఎర్త్ తీగే లేని ఇళ్లూ ఉంటాయి. గిటారు తీగ తాకినప్పుడు రొద మారితే స్క్రూడ్రైవరు తీయవచ్చు. వేలికి జివ్వుమంటే మాత్రం గిటారును పక్కన పెట్టి, ప్లగ్గు పీకి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగ్ పరీక్ష చేయించాలి.