ఇసుక–నీళ్ల బల్ల

ఏడాదిన్నర దాటిన పిల్లలు నిలబడి ఆడుకునేలా పెరట్లో వేసే తొట్టి బల్ల ఇది. ఒక అరలో ఇసుక, మరో అరలో నీళ్లు. అంచు పిల్లల నడుము దగ్గరే ఉండాలి; ఎత్తయితే చేతులు అడుగుకు అందవు. నీళ్లు వదిలే బిరడా, ఇసుకకు మూత ఉన్నదే కొనాలి. మూత లేని ఇసుకను పిల్లులు పాడుచేస్తాయి.

బెర్లిన్ ఇసుక కుప్పల స్ఫూర్తితో 1885లో బోస్టన్‌లో పిల్లలకు ఇసుక తోటలు పెట్టారు. పాదం మీద తడి ఇసుక అదిమి పిచ్చుక గూళ్లు కట్టిన తెలుగు పిల్లలకూ ఈ ఆట కొత్త కాదు.

పొడి ఇసుక వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. గ్లాసెడు నీళ్లు కలిపితే అదే ఇసుక బోర్లించిన గిన్నె ఆకారంలో నిలుస్తుంది. అప్పుడు చూడాలి పసివాళ్ల ముఖం!

కడిగిన, దుమ్ములేని ఇసుకే వాడాలి. సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తులకు చేటు. రెండంగుళాల నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోగలరు, పెద్దలు పక్కనుంచి కదలకూడదు. ఆట కాగానే నీళ్లు పారబోయాలి. నిలవ ఉంటే వారం పదిరోజుల్లో దోమలు పుడతాయి.