మొజాయిక్ గచ్చు పుట్టుపూర్వోత్తరములు

మన యిండ్లలో ‘మొజాయిక్’ అని పిలువబడు నేలకు ఆ పేరు న్యాయముగా చెందదు. మొజాయిక్ అనగా రంగురాళ్ల తునుకలను ఒక్కొక్కటిగా ఏరి చిత్రమునకు తగినట్లు పొదుగుట. మన నేల యన్ననో, రాతిచిప్సును సిమెంటుతో కలిపి పరచి, గట్టిపడిన పిమ్మట అరగదీసి నునుపు దేర్చినది. దీని అసలు పేరు టెరాజో. ఇటలీ భాషలో దీనికి ‘విత్తినది’ అను నర్థము గల మరియొక పేరును కలదు. తడి గచ్చుపై రాతి తునుకలను గింజలవలె వెదజల్లుటనుబట్టి వచ్చిన యా పేరే నాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

పగిలిన పెంకులను దంచి సున్నముతో కలిపి నేల వేయుట ప్రాచీన రోమకులెరిగిన విద్యయే. దానిని వెనీసు నగరము తనదిగా చేసికొనుటకు కారణము ఆ నగరపు పునాదులలోనే యున్నది. బురదలో దిగగొట్టిన కొయ్య గుంజలపై నిలిచిన భవనములు కాలక్రమమున నించుక క్రుంగుచు, ఒరగుచు నుండగా, రాతిపలకల నేల అతుకులకడ విచ్చిపోవును గాని, సున్నము, ఇటుకపొడి, పాలరాతి ముక్కలు కలిపి దిమ్మిసకొట్టిన దళసరి గచ్చు ఆ కదలికకు కొంత లొంగి, బీటలు వారినను పూడ్చుకొనుటకు అనువుగా నుండెను. పైగా మేడలకు పాలరాయి చెక్కగా రాలిన తునుకలకు కొదువ లేదు. 16వ శతాబ్దమునాటికి ఈ పనివారికి వెనీసులో ప్రత్యేకముగా ఒక శ్రేణి యుండెను. వారిలో పెక్కురు ఫ్రియులి ప్రాంతీయులు. పొడవాటి కామకు బిగించిన బరువురాతిని ముందువెనుకలకు నీడ్చుచు, నీరు పోయుచు, దినములతరబడి అరగదీసి, తుదకు అవిసెనూనె పట్టించెడివారు. రాయి చవకయే, నడుమే ఖరీదు!

20వ శతాబ్దములో విద్యుద్యంత్రము ఆ నడుములకు విశ్రాంతి నిచ్చినది. గళ్లు విడదీసి బీటలను అదుపులో నుంచు లోహపు పట్టీలును అప్పుడే వ్యాప్తికి వచ్చినవి. 1960 ప్రాంతమున హాలీవుడ్ కాలిబాటపై నటుల పేర్లతో నక్షత్రములు పొదిగినదియు ఈ గచ్చులోనే.

మనదేశమున 1922లో బొంబాయిలో వెలసిన భారత్ టైల్స్ వంటి సంస్థలు సిమెంటు పలకలకు దారి చూపినవి. అటుపిమ్మట సినిమాహాళ్లు, ఆసుపత్రులు, బ్యాంకులు, మధ్యతరగతివారి ముందుగదులు అన్నియు అద్దపు పట్టీల మొజాయిక్ తొడిగినవి. పాలిష్ యంత్రము హోరుమని తిరుగుచుండ, పాలవంటి బురద గుమ్మము దాటి పెరటిలోనికి పారుట చూచినవారికి ఆ గృహప్రవేశములు జ్ఞప్తికి రాకమానవు.

తరువాత గ్రానైటు వచ్చినది. విట్రిఫైడ్ టైల్సు వచ్చినవి. నేడు పరచి రేపు నడువవచ్చునన్నచో, వారములతరబడి తడిపి, అరగదీయించు ఓపిక యెవరికుండును? చిత్రమేమన, కాలదోషము పట్టినదని మనము త్రవ్వి పారవేసిన యీ గచ్చే ఎపాక్సీ బంకతో కొలది మిల్లీమీటర్ల పొరయై విమానాశ్రయములలోను, కాఫీహోటళ్లలోను మరల వెలసినది. అంతేకాదు, చిప్సు బొమ్మను అచ్చొత్తిన పింగాణీ టైల్సును అంగళ్లలో దొరకుచున్నవి. రాయి లేని రాతినేల యన్నమాట! అసలుదానిని అరగదీసినకొలది అడుగునుండి క్రొత్త రాళ్లు పైకి తేలును. మొన్న మా బంధువుల యింట నలుబది యేండ్ల నేలపై టైల్సు అంటింప వచ్చిన మేస్త్రీ, ఒక మూల రాయివేసి రుద్ది చూచి, సామాను మరల సంచిలో సర్దుకొనినాడు.