తరంగంబాడి కోటలో తంజావూరి జాడ

చోళమండల తీరమున, కావేరి సముద్రమున గలియు చోటికి దక్షిణముగా, తరంగంబాడి యను చిన్న పట్టణము గలదు. అలలు పాడు నూరని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. డేనులకు నోరు తిరుగక ట్రాంకెబారనిరి. 1620 మొదలు 1845 వరకు, నడుమ ఆంగ్లేయు లాక్రమించిన కొలది యేండ్లు తప్ప, ఈ యూరు డెన్మార్కు రాజు ఏలుబడిలో నుండెను. నేడిది తమిళనాడునందు మయిలాడుదురై జిల్లాలోనిది. వచ్చినవారు ముందుగా పోవునది కడలి యొడ్డుననున్న డాన్స్‌బోర్గు కోటకే.

ఆ కోటలోనే రాష్ట్ర పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది. మహానగరముల మ్యూజియములను చూచిన కండ్లకు ఇది యొక కొట్టుగదివలె దోచును. చీనా తేయాకు జాడీలు, పింగాణి పాత్రలు, గాజు సామాను, కత్తులు, బాకులు, ఈటెలు, ఫిరంగి గుండ్లు, సున్నపు బొమ్మలు, మట్టి దీపములు, వీని నడుమ ఒక తిమింగిలపు టెముకలు! వరుస లేదని విసుగుకొనువారు కలరు. కాని రేవుపట్టణపు చరిత్ర యెన్నడు వరుసగా వచ్చినది? ఓడ దెచ్చినదెల్ల ఒడ్డున బడినది.

ఈ వస్తువులలో చాలవరకు డేనులనే తలపించును. వారికీ నేల యిచ్చినవాడెవ్వడన్న ప్రశ్నకు మాత్రము జాడీలును గుండ్లును బదులు చెప్పవు. ఇచ్చినవాడు తంజావూరి రఘునాథ నాయకుడు. తెలుగున రామాయణమును, వాల్మీకి చరిత్రమును రచించిన కవిరాజు. చేమకూర వేంకటకవి తన విజయవిలాసమును అంకితమిచ్చినది ఈతనికే.

డేనుల రాక జయయాత్ర కాదు. 1618లో ఓవె గెడ్డె నాయకత్వమున బయలుదేరిన నౌకలు సింహళము చేరునప్పటికి సగమునకు మించి జనము నశించిరి. ముందుగా వచ్చిన క్రాపె యనువాని యోడను కారైకాలు దాపున పోర్చుగీసువారు భగ్నము చేసిరి. ప్రాణములతో గట్టెక్కిన క్రాపెయు, కొలదిమంది తోడివారును పట్టుబడి నాయకుని సన్నిధికి కొనిపోబడిరి. కొలువున నిలిచిన ఆ దీనులతో రఘునాథుడు బేరమాడెను. దీనిని దయ యనుట పొరపాటు. నాగపట్టణమున పోర్చుగీసువారు బలసియుండగా, వారికి పోటీగా వేరొక వర్తకుని దింపుట రాజనీతి యెరిగినవాని పని. 1620 నవంబరులో ఒడంబడిక కుదిరెను. డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియనునకు నాయకుడు బంగారు రేకుపై తమిళమున లేఖ వ్రాయించి పంపెను. తెలుగు కవి, తమిళ దేశపు ప్రభువు, తన ప్రజల భాషలోనే పరదేశపు రాజును పలుకరించెను. ఆ రేకు తరంగంబాడిలో లేదు. కోపెన్‌హాగెనులోని జాతీయ పత్రభాండాగారమున నున్నది. ఈ పట్టణపు జన్మపత్రిక వంటిది ఈ పట్టణమునకే దూరమైనది.

అటుపిమ్మట డేనుల యదృష్టము సన్నగిల్లెను. ఇంచుమించు ముప్పదియేండ్లు స్వదేశమునుండి ఓడయే రాలేదు. 1655 నాటికి కోటలో మిగిలిన డేనుడు ఒక్కడే. 1669లో ఒక నౌక వచ్చువరకు కోటను ఆతడే నిలబెట్టెను. కోటగోడలపై నిలిచి ఖాళీ సముద్రమును చూచినవారికి, గదులలోని కత్తులకంటె ఈ కథయే మనసున నాటును.

ఊరిలో వేరొక ప్రదర్శనశాల, 1706లో వచ్చిన జర్మను మతాచార్యుడు జీగెన్‌బాల్గు నివసించిన యింట 2017లో వెలసినది. ఆతని బృందమువారి అచ్చుయంత్రముపై 1715లో తమిళ కొత్త నిబంధన వెలువడెను. తెలుగువారు ఇచ్చట ఒక్క నిముస మాగవలెను. 1719లో ఈ రేవుననే దిగిన బెంజమిన్ షుల్జ్, 1726లో మద్రాసు చేరి, అక్కడి తెలుగువారి నడుమ మన భాష నేర్చి, 1728 నాటికి లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెను. స్వదేశమునకు మరలిన పిమ్మట హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. వ్యాకరణము మాత్రము వ్రాతప్రతిగానే యుండి 1984లో గాని అచ్చు ముఖము చూడలేదు. కవిరాజైన నాయకుడు చోటిచ్చిన రేవునుండియే, శతాబ్దము పిదప, తెలుగునకు ఒక వ్యాకర్త బయలుదేరుట విచిత్రమే.

1845లో డేనులు తరంగంబాడిని, వంగదేశమున శ్రీరామపురమును కలిపి పండ్రెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయుల కమ్మివేసిరి. రైలు నాగపట్టణమునకు పోయెను, వర్తకమును దానివెంటనే పోయెను. ఊరు చిన్నదిగా మిగులుటచేతనే పాత వీధులు చెడలేదు.

కోటకు సమీపముననే మాసిలామణి నాథుని యాలయము. మారవర్మ కులశేఖర పాండ్యుని కాలమున, 1306లో కట్టినది. అందలి శాసనము ఈ యూరిని సడంగన్‌పాడి యని పిలుచును. బంగారు రేకుకంటె మూడువందల యేండ్లు పాతదైన ఈ సాక్ష్యమును ఏ గాజు పెట్టెలోను పెట్టుటకు వీలులేదు. గుడి ముందరి భాగములను సముద్రము ఇదివరకే తీసికొన్నది. 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెన ఈ తీరమెల్ల ముంచెత్తిన నాడును మిగిలిన రాళ్లు నిలిచినవి. నేటికిని అలలు వాని మొదటికి వచ్చి తాకుచున్నవి.